చీటీ తీయకముందే తేలేవి

(విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులు, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు కూర్చున్న ఒక సభలో, రిటైరైన లెక్కల మాస్టారు 2025 డిసెంబర్ చివర్లో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేనేమీ బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించను.

నన్ను పిలిచింది లెక్కల మాస్టారుగానా, ఫిక్చర్లు వేసేవాడిగానా అని పీఈటీ గారిని అడిగాను. "రెండూ ఒకటే కదండీ" అన్నారు. నిజానికి నాకు బంతి తన్నడం రాదు. బడి గంట కొట్టాక గ్రౌండు పక్కన కాగితం, స్కేలు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో గీతలు గీసేవాణ్ణి. ఆ పని బాగా వచ్చనుకున్నాను, 1996 వేసవి దాకా.

ఆ వేసవిలో ఎనిమిది జట్ల నాకౌట్ పెట్టాం. ఎనిమిది చీటీలు రాసి, స్టీలు గ్లాసులో వేసి, ఒక చిన్నపిల్ల చేత తీయించాం. అంతకన్నా న్యాయం ఏముంటుంది? జిల్లాలో ఆ ఏడు గట్టి జట్లు రెండే. ఆ రెండూ మొదటిరోజు పొద్దున్న ఏడు గంటల మ్యాచ్‌లోనే తగులుకున్నాయి. ఆ పొద్దున్న గ్రౌండులో ఉన్నది నేను, రిఫరీ, పాలు పోసి ఇంటికెళ్తున్న ఒకాయన. మ్యాచ్ అద్భుతం. పెనాల్టీల దాకా వెళ్ళింది. ఆదివారం సాయంత్రం ఫైనల్‌కి మైకు, టెంటు, ముఖ్య అతిథి, వెయ్యి మంది జనం. స్కోరు ఆరు-సున్నా. సగంలోనే లేచి వెళ్ళిపోయారు. గేటు దగ్గర ముంత మసాలా అమ్మే ఆయన నన్ను ఆపి, "ఏటండీ మేష్టారూ, ఫైనలు పొద్దున్నే ఆడించీసి మా చేత సరుకు తెప్పించీసారు" అన్నాడు. (నవ్వులు)

గట్టి జట్లు ముందే తగులుకోకుండా వేరువేరుగా పెట్టడాన్ని సీడింగ్ అంటారు, దాని గురించి ఇంతకన్నా బాగా చెప్పినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఎనిమిది జట్లను ఊరికే చీటీలు తీస్తే, గట్టి జట్లు రెండూ మొదటి మ్యాచ్‌లోనే కలిసే అవకాశం ఏడింట ఒకటి. సరే, అది నా ఖర్మ. మరి ఫైనల్లోనే కలిసే అవకాశం ఎంత? దారిలో ఎవరి చేతిలోనూ ఓడకపోయినా ఏడింట నాలుగే. సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఒకదాన్ని పైన, ఒకదాన్ని కింద పెట్టి మిగతా ఆరింటికే చీటీలు తీసుంటే ఏడుకి ఏడూ అయ్యేది. చీటీలు తీయడం ఎంత న్యాయంగా చేశానన్నది కాదు తప్పు. గ్లాసులో ఏవేం వేయాలో ముందే కూర్చుని ఆలోచించలేదు, అదీ తప్పు.

ప్రపంచకప్ వాళ్ళు కూడా ఈ చదువు డబ్బు పోసే నేర్చుకున్నారు. 1950లో బ్రెజిల్‌లో కొన్ని జట్లు రాకపోవడంతో ఒక గ్రూపులో ఉరుగ్వే, బొలీవియా రెండే మిగిలాయి. ఒక్క మ్యాచ్, ఎనిమిది-సున్నా, ఉరుగ్వే తర్వాతి దశకు వెళ్ళిపోయింది. చివరికి కప్పు కూడా వాళ్ళదే. ఆ రాని జట్లలో మనమూ ఉన్నాం. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో మన పేరు గ్రూపులో పడింది, జట్టు మాత్రం ఓడ ఎక్కలేదు.

1954 స్విట్జర్లాండ్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అది చాలా తమాషా. పదహారు జట్లు, నాలుగు గ్రూపులు, గ్రూపుకి ఇద్దరు సీడెడ్, ఇద్దరు అన్‌సీడెడ్. సీడెడ్ జట్లు ఒకదానితో ఒకటి ఆడవు. అన్‌సీడెడ్‌లు కూడా తమలో తాము ఆడవు. అంటే నాలుగు జట్ల గ్రూపులో ఒక్కొక్కరికి రెండే మ్యాచ్‌లు. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, నా దగ్గర తొమ్మిదో తరగతి పిల్లాడు రాసుకొస్తే వెనక్కి ఇచ్చేవాణ్ణి.

ఇంకో విడ్డూరం. అర్హత మ్యాచ్‌లు పూర్తికాకముందే సీడ్లు తేల్చేశారు. స్పెయిన్‌కి సీడు ఇచ్చేశారు. స్పెయిన్ టర్కీతో ఆడింది. సొంతగడ్డ మీద 4-1 గెలిచింది, ఇస్తాంబుల్‌లో 1-0 ఓడింది. గోల్స్ లెక్క అప్పుడు లేదు, చెరొకటి గెలిచారు కాబట్టి సమానం అన్నారు. రోమ్‌లో మూడో మ్యాచ్ పెట్టారు. అదనపు సమయం ఆడినా 2-2. ఇక ఒక ఇటలీ కుర్రాడికి కళ్ళగంతలు కట్టి చీటీ తీయించారు. టర్కీ వచ్చింది. టర్కీ వచ్చింది సరే, స్పెయిన్‌కి రాసిపెట్టిన సీడు ఏమైంది? దాన్ని కూడా టర్కీకే ఇచ్చేశారు! పెళ్ళికొడుకు మారాడు గానీ కట్నం మారలేదు. (నవ్వులు)

దాంతో ఏం జరిగిందంటే, అదే గ్రూపులో పశ్చిమ జర్మనీ అన్‌సీడెడ్ అయింది. టర్కీని 4-1 కొట్టింది. సీడెడ్ హంగరీ చేతిలో 8-3 తిన్నది. ఆ మ్యాచ్‌లో జర్మనీ కోచ్ సెప్ హెర్బెర్గర్ అసలు ఆటగాళ్ళలో చాలామందిని బెంచీ మీద కూర్చోబెట్టాడు. టర్కీతో పాయింట్లు సమానమై ప్లే ఆఫ్, అంటే తేల్చే అదనపు మ్యాచ్, వస్తే గెలుస్తామని ఆయన లెక్క. వచ్చింది, 7-2 గెలిచారు. ఫైనల్లో మళ్ళీ హంగరీ. ఈసారి 3-2, కప్పు జర్మనీది. దాన్ని బెర్న్ అద్భుతం అంటారు. నాకైతే అందులో సగం ఆట, సగం నిబంధనల పుస్తకం చదువుకున్నవాడి తెలివి కనిపిస్తాయి.

పీఈటీలు నవ్వుతున్నారు. మీకు తెలుసు కదండీ, మన దగ్గరా ఉంటారు ఇలాంటి కోచ్‌లు. మ్యాచ్‌కి ముందు వార్మప్ చేయించరు, ఫిక్చర్ కాగితం అడుగుతారు.

సరే, సీడు ఎవరికి ఇవ్వాలి? ఇక్కడే అసలు తగాదా. ఇప్పుడు ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఇచ్చే ర్యాంకుల్ని బట్టి జట్లను పాట్లలో పెడతారు. పాట్ అంటే కుండే, మన కుండే. అక్కడ గాజుగిన్నె వాడతారు. ఒక్కో కుండలోంచి ఒక్కో జట్టు తీసి గ్రూపుకి వేస్తారు. కాబట్టి పై కుండలో ఉన్నవాడికి పై కుండలో ఉన్న ఇంకొకడు గ్రూపులో తగలడు. కుండ మారితే తలరాత మారుతుంది.

2018 ప్రపంచకప్‌కి 2017 అక్టోబర్ ర్యాంకులు చూశారు. పోలెండ్ ఆరో ర్యాంకులో ఉంది, మొదటి కుండ. స్పెయిన్ రెండో కుండ. ఎలా? అప్పటి ర్యాంకింగ్ పద్ధతి సగటు మీద నడిచేది. గెలిస్తే మూడు పాయింట్లు. దాన్ని మ్యాచ్ విలువతో గుణిస్తారు. స్నేహపూర్వక మ్యాచ్‌కి ఒకటి, అర్హత మ్యాచ్‌కి రెండున్నర. ఆపైన ఎదుటి జట్టు బలంతో గుణిస్తారు, అంటే 200లోంచి దాని ర్యాంకు తీసేస్తారు. మిగతా చిన్న గుణకం వదిలేద్దాం. యాభయ్యో ర్యాంకు జట్టును అర్హత మ్యాచ్‌లో ఓడిస్తే 3 ఇంటూ రెండున్నర ఇంటూ 150, అంటే 1125. అదే జట్టును స్నేహపూర్వక మ్యాచ్‌లో ఓడిస్తే 450. మీ సగటు ఎనిమిది వందలు ఉందనుకోండి. స్నేహపూర్వక మ్యాచ్ గెలిచాక సగటు పెరుగుతుందా?

(పిల్లలు: తగ్గుతుంది సార్.)

తగ్గుతుంది! గెలిచినా తగ్గుతుంది. పోలెండ్ వాళ్ళు ఇది పట్టేశారు. ఆ అక్టోబర్ ర్యాంకులు తేలేదాకా ఏడాది పాటు స్నేహపూర్వక మ్యాచ్‌ల జోలికి దాదాపుగా పోలేదు. స్లిప్ టెస్టు రోజున కడుపునొప్పి అని బడి మానేసి, పెద్ద పరీక్ష మాత్రం రాసే పిల్లాడి పద్ధతి. నాకు ఆ పిల్లాడి మీద కోపం రాదు, పరీక్ష పెట్టినవాడి మీద వస్తుంది. చివరికి పోలెండ్‌కి కొలంబియా, సెనెగల్, జపాన్ వచ్చాయి. మంచి గ్రూపే. అందులో ఆఖరి స్థానంలో నిలిచి ఇంటికెళ్ళింది. ఆ తర్వాత 2018 ఆగస్టు నుంచి సగటు పద్ధతి తీసేశారు. ఇప్పుడు చదరంగంలో ఈలో రేటింగులా, ఉన్న పాయింట్లకు కలపడం, తీయడం. ఎదుటివాడు బలమైనవాడైతే గెలుపుకి ఎక్కువ వస్తాయి, బలహీనుడైతే తక్కువ. ఆడకుండా కూర్చుని పైకెళ్ళే దారి మూసేశారు.

ఆతిథ్య దేశం సంగతి వేరు. దానికి ర్యాంకు ఎంతున్నా మొదటి కుండే. 2018లో రష్యా 65వ ర్యాంకు, మొదటి కుండ. 2022లో ఖతార్ మొదటి కుండ, మూడు మ్యాచ్‌లూ ఓడింది. మన ఊళ్ళలోనూ అంతే కదా, టెంటు వేసినవాడికి ముందు కుర్చీ. దీన్ని నేను తప్పు పట్టను. ఆతిథ్య జట్టు తొందరగా పోతే మర్నాడు గేటు దగ్గర మనిషి ఉండడు.

ఇప్పుడు ఈ బల్ల దగ్గరికి రండి. ఇది చూడాలి, చెబితే అర్థం కాదు.

మూడు స్టీలు గ్లాసులు. ఒకటో గ్లాసు మీద బొబ్బిలి ఎ జట్టు, రెండో దాని మీద నెల్లిమర్ల, మూడో దాని మీద గజపతినగరం. ఇవి గ్రూపు పెద్దలు. నా చేతిలో మూడు చీటీలున్నాయి: బొబ్బిలి బి, రాజాం, పార్వతీపురం. నిబంధన ఒక్కటే, ఒకే ఊరి జట్లు ఒకే గ్రూపులో పడకూడదు. ఫిఫాలో దీన్నే ఖండాల లెక్కన పెడతారు. దక్షిణ అమెరికా జట్లు రెండు ఒకే గ్రూపులో పడవు, ఆఫ్రికావి పడవు. యూరప్‌కి మాత్రం రెండు దాకా ఒప్పుకుంటారు, వాళ్ళ జట్లు ఎక్కువ కాబట్టి.

తీసే పద్ధతి కూడా టీవీలో చూపించేదే. చీటీ తీయగానే, ఖాళీగా ఉండి నిబంధన ఒప్పుకునే మొదటి గ్లాసులో వేసేయాలి. నువ్వు రామ్మా, తియ్యి. ఏమొచ్చింది? రాజాం. ఒకటో గ్లాసు. తర్వాత? బొబ్బిలి బి. రెండో గ్లాసు. మిగిలింది పార్వతీపురం, మూడు. బాగుంది. అంతా న్యాయంగానే ఉంది కదా?

ఇప్పుడు చీటీలు వచ్చే వరసలు మొత్తం ఆరు. అన్నీ రాద్దాం. బొబ్బిలి మొదట వస్తే, ఒకటో గ్లాసు దానికి కూడదు కాబట్టి రెండులో పడుతుంది. అవి రెండు వరసలు. బొబ్బిలి మధ్యలో వస్తే, ఒకటి అప్పటికే నిండిపోయింది, మళ్ళీ రెండే. అవి ఇంకో రెండు. బొబ్బిలి ఆఖర్న వస్తేనే మూడో గ్లాసు. అవి రెండు. అంటే ఆరింట నాలుగుసార్లు నెల్లిమర్ల గ్రూపు, రెండుసార్లు గజపతినగరం గ్రూపు. బొబ్బిలి బి వెళ్ళగలిగేవి రెండే గ్రూపులు. సగం సగం రావాలి కదా? రావడంలేదు. చీటీలో మోసం లేదు, ఈ పిల్ల చేతిలో మోసం లేదు. గ్లాసులు వరసగా పెట్టడంలో ఉంది కిటుకు.

(ఒక పీఈటీ: మరి ఎలా తీయాలండీ?)

మూడు చీటీలూ తీసి మూడు గ్లాసుల్లో వేసేయండి, ఏమీ చూడకుండా. చివర్న చూడండి. నిబంధన తప్పితే మొత్తం పారబోసి మొదట్నుంచి తీయండి. అప్పుడు సగం సగం వస్తుంది. కానీ ప్రపంచకప్‌లో అంత పని చేస్తే పొద్దుపోతుంది, నలభై ఎనిమిది జట్లు వేసి పారబోస్తూ కూర్చుంటే టీవీ వాళ్ళు ఊరుకోరు. అందుకే చూడ్డానికి బాగుండే పద్ధతి పెట్టుకున్నారు. ముందు వచ్చిన జట్టును ఏ గ్రూపులో వేస్తే ఆఖరివాడికి చోటు లేకుండా పోతుందో కంప్యూటరు చూసి, ఆ గ్రూపు దాటించేస్తుంది. యాంకరమ్మ నవ్వుతూ "తర్వాతి గ్రూపు" అంటుంది. మనం టెన్షన్‌గా గిన్నెకేసి చూస్తుంటాం, పని గిన్నె వెనకాల జరుగుతుంది.

కంప్యూటరు కూడా తప్పు చేస్తుంది. 2021 డిసెంబర్‌లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ డ్రాలో, అంటే చీటీలు తీసేచోట, సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పి, ఉండాల్సిన బంతి గిన్నెలో లేకుండా పోయింది. అదే రోజు డ్రా మొత్తం రద్దు చేసి మళ్ళీ తీశారు. మొదటి డ్రాలో రియల్ మాడ్రిడ్‌కి బెన్ఫికా, రెండో డ్రాలో ప్యారిస్. రియల్ మాడ్రిడ్ ప్యారిస్‌ని ఓడించి చివరికి కప్పు కొట్టుకుపోయింది. వాళ్ళు మళ్ళీ తీశారు చూడండి, నాకు అది నచ్చింది.

మొన్న డిసెంబర్ 5న వాషింగ్టన్‌లో 2026 ప్రపంచకప్ డ్రా మీరంతా చూసే ఉంటారు. పన్నెండు గ్రూపులు. మెక్సికో, కెనడా, అమెరికా మూడూ ఆతిథ్య జట్లు కాబట్టి వాటి చోట్లు ముందే రాసిపెట్టారు. ఈసారి కొత్తగా టెన్నిస్ పద్ధతి తెచ్చారు. ర్యాంకుల్లో మొదటి నాలుగు జట్లు స్పెయిన్, అర్జెంటీనా, ఫ్రాన్స్, ఇంగ్లండ్. ఇవి తమ గ్రూపుల్లో మొదటి స్థానంలో నిలిస్తే సెమీస్ దాకా ఒకదానికొకటి తగలవు. స్పెయిన్, అర్జెంటీనా అయితే ఫైనల్ దాకా తగలవు. 1996లో నేను చేయాల్సిన పని వీళ్ళు 2026లో చేశారు. ఆలస్యం నాదొక్కడిదే కాదు. (నవ్వులు)

నాకు నచ్చనిది కూడా ఉంది. డ్రా తీసేనాటికి ఇంకా ఆరు స్థానాలు ప్లే ఆఫ్‌లలో తేలాల్సి ఉంది. ఆ ఆరింటినీ నాలుగో కుండలో వేసేశారు. అంటే ఇటలీ లాంటి గట్టి జట్టు గెలిచి వచ్చినా నాలుగో కుండ జట్టే. దానితో పడే గ్రూపు వాళ్ళు ఏం పాపం చేశారు? ఆ ప్లే ఆఫ్ పడింది కెనడా, స్విట్జర్లాండ్, ఖతార్ ఉన్న గ్రూపులో. 1954లో టర్కీకి స్పెయిన్ సీడు ఇచ్చారన్నాను కదా, ఇది దానికి తిరగేసిన బొమ్మ.

గ్రూపుకి మొదటి ఇద్దరు వెళ్తారు. పన్నెండు మూడో స్థానాల్లో ఎనిమిది వెళ్తాయి. ఏ ఎనిమిది వెళ్తే ఎవరు ఎవరితో ఆడాలో ముందే పట్టిక వేశారు. పన్నెండులోంచి ఎనిమిది ఎన్ని రకాలుగా ఎంచవచ్చు? ఇంటర్ పిల్లలు చెప్పండి. 495. ఆ నాలుగు వందల తొంభై అయిదూ నిబంధనల పుస్తకంలో అచ్చు వేశారు. నేను వరసవరసా చదివాను. మా ఇంటావిడ పంచాంగం అనుకుంది.

అసలు ముందు మూడు జట్ల గ్రూపులు పదహారు పెడదామనుకున్నారు. 2023 మార్చిలో మానుకున్నారు. ఎందుకంటే మూడు జట్లుంటే ఆఖరి మ్యాచ్‌లో ఒకడు ఖాళీగా కూర్చుంటాడు, ఆడేవాళ్ళిద్దరికీ ఎంత స్కోరు చాలో తెలిసిపోతుంది. 1982లో స్పెయిన్‌లో, నాలుగు జట్ల గ్రూపులో కూడా, అదే జరిగింది. అల్జీరియా పశ్చిమ జర్మనీని 2-1 కొట్టింది, ప్రపంచం నోరెళ్ళబెట్టింది. అల్జీరియా మ్యాచ్‌లన్నీ అయిపోయిన మర్నాడు జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. జర్మనీ ఒకటో రెండో గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకి, అల్జీరియా ఇంటికి. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. మిగతా ఎనభై నిమిషాలు బంతిని అటూ ఇటూ దొర్లించుకున్నారు. ఆ తర్వాతే, 1986 నుంచి, గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి పెడుతున్నారు. వింతేమిటంటే ఈసారి డ్రాలో అల్జీరియా, ఆస్ట్రియా ఒకే గ్రూపులో పడ్డాయి. నలభై నాలుగేళ్ళకి.

మన జట్టు సంగతి అడుగుతారని తెలుసు. 2026 అర్హత పోటీల రెండో దశలో ఆసియాలో పద్దెనిమిదో స్థానంలో ఉండి, అంచున పట్టుకుని రెండో కుండలోకి వచ్చాం. ఖతార్, కువైట్, అఫ్గానిస్థాన్ వచ్చాయి. నిజం చెప్పాలంటే మంచి డ్రా. కువైట్‌ని వాళ్ళ దేశంలోనే 1-0 ఓడించాం. తర్వాత గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 2-1 ఓడాం. కోల్‌కతాలో కువైట్‌తో మళ్ళీ ఆడాం, అది కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడ్కోలు మ్యాచ్ అన్నారు (తర్వాత ఆయన మళ్ళీ వచ్చి ఆడాడనుకోండి), సున్నా సున్నా. దోహాలో బంతి గీత దాటి బయటికి వెళ్ళినా ఖతార్ గోల్ ఇచ్చేశారని మనవాళ్ళు గోల పెట్టారు, నేనూ పెట్టాను. కానీ గువాహటిలో గెలిచుంటే ఆ గోల అక్కర్లేదు. 2027 ఆసియా కప్ అర్హతకి ఏకంగా మొదటి కుండ. హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. మొన్న నవంబర్‌లో ఢాకాలో కూడా ఓడి, అర్హత లేకుండా వచ్చాం. కుండ గోల్ కొట్టదు కదా.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక అమ్మాయి: మాస్టారూ, బంతుల్ని ఫ్రిజ్‌లో పెట్టి తెస్తారటగా? చేయి పెట్టినవాళ్ళకి తెలిసేలాగ?)

విన్నావా నువ్వు కూడా! ఫిఫా మాజీ అధ్యక్షుడు సెప్ బ్లాటర్ 2016లో ఒక పత్రికతో, యూరప్ డ్రాలో అలాంటిది చూశానన్నాడు. తన హయాంలో ఫిఫాలో మాత్రం జరగలేదన్నాడు. రుజువేమీ చూపించలేదు, కాబట్టి నేను నమ్మమనీ చెప్పను. నా చేతిలో జరిగింది మాత్రం చెప్తాను.

చాలా ఏళ్ళ కిందట ఒకచోట చీటీలు తీయడానికి నన్ను కూర్చోబెట్టారు. జట్లు తొమ్మిది, కాబట్టి చాలామందికి బై, అంటే మొదటి రౌండు ఆడకుండానే ముందుకెళ్ళే చోటు, రావాలి. గ్లాసులో చేయి పెట్టాను. ఎనిమిది చీటీలు మెత్తగా ఉన్నాయి, నోటుబుక్కు కాగితం. ఒక్కటి గట్టిగా, నున్నగా ఉంది, క్యాలెండర్ కాగితం. తీసే మనిషికి ముందే చెప్పి ఉంటే పట్టుకోవడం ఎంతసేపు? నాకు ఎవరూ చెప్పలేదు, బహుశా వేరే ఆయన తీస్తాడనుకుని ఉంటారు. ఆయన ఆ రోజు రాలేదు. నేను దాన్ని వదిలేసి మెత్తనివే తీశాను. లేచి నిలబడి "ఇదేమిటి" అని అడగాల్సింది. ఎదురుగా బహుమతి డబ్బిచ్చినవాళ్ళు కూర్చున్నారు. అడగలేదు. పైగా ఆలోచిస్తే నేను చేసిందీ అదే పని, చీటీ తెలిసి వదిలేయడం కూడా ఏరుకోవడమే కదా. ఇంటికొచ్చాక తట్టింది.

అందుకే ఇవాళ చూడండి, సంక్రాంతి టోర్నమెంటు డ్రా ఇక్కడే తీస్తున్నాం. ఏ జట్టు ఏ కుండలో ఉందో, ఎందుకుందో నిన్ననే ఆ గోడకి అంటించాం. కిందటేటి ఫలితాల మీద పెట్టాం. కిందటేడు గెలిచిన జట్టులో సగం మంది చదువులకి వైజాగ్ వెళ్ళిపోయారని ఒకాయన నిన్న వచ్చి అభ్యంతరం చెప్పారు. నిజమే. వచ్చే ఏడు మారుద్దాం అన్నాను. డ్రా అయ్యాక చెప్పుంటే ఏడుపు అనేవాణ్ణి, ముందే చెప్పారు కాబట్టి రాసుకున్నాను. చీటీలన్నీ ఒకే నోటుబుక్కులోంచి చించినవి. కావాలంటే వచ్చి తడిమి చూసుకోండి.

ఎవరు తీస్తారు? గోల్‌కీపరు ఎవరైనా ఉన్నారా? నువ్వా, రా నాన్నా. చొక్కా చేతులు పైకి మడుచుకో. అరచేయి అందరికీ చూపించు. గ్లాసు బాగా కుదుపు, ఇంకా. కళ్ళు మూసుకోనక్కర్లేదు, జనంవైపు చూడు. తీశావా? విప్పకు, ముందు ఆవిడకివ్వు, ఆవిడ చదువుతారు.

గజపతినగరం. ఎ గ్రూపు, రెండో స్థానం. రాసుకోండి.